ఆ బాటిల్ ఎవరిది?

ఈసారి పత్రికకు నీతి మీద వ్యాసం రాయమని మా తెలుగు సార్ చెప్పారు. మా క్లాసులో ఒకరు 'సత్యమే జయిస్తుంది' తీసుకున్నారు. ఇద్దరు 'సమయం విలువ' తీసుకున్నారు. నలుగురు 'సెల్‌ఫోన్ వల్ల నష్టాలు' తీసుకున్నారు. నేను లేచి 'డ్రాకులా' అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. సార్ మాత్రం నవ్వలేదు. "డ్రాకులాకూ నీతికీ ఏం సంబంధం అమ్మా?" అని అడిగారు. "ఉంది సార్, రాసి చూపిస్తాను" అని కూర్చున్నాను. కూర్చున్నాక భయం వేసింది. ఎందుకంటే అప్పటికి నాకే సరిగ్గా తెలియదు.

అసలు సంగతి మా తమ్ముడిది. వాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. వాడికి తలసేమియా ఉంది. అంటే ఒంట్లో ఎర్ర రక్తకణాలు సరిగ్గా తయారుకావు. పుట్టుకతో వచ్చిన జబ్బు ఇది, అంటుకునేది కాదు. మూడు నాలుగు వారాలకొకసారి ఆసుపత్రికి పోయి రక్తం ఎక్కించుకోవాలి. ఎక్కించే రోజు దగ్గర పడుతుంటే వాడి ముఖం పాలిపోతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. ఎక్కించిన మర్నాడు మళ్ళీ గల్లీలో క్రికెట్.

మేము ఇది దాచుకోలేదు, కాబట్టి గల్లీలో పిల్లలందరికీ తెలుసు. ఒకరోజు ఔటా కాదా అని గొడవ వచ్చింది. ఒక పిల్లాడు కోపంలో "పోరా రక్తపిశాచీ, మంది రక్తం తాగి బతుకుతవ్" అన్నాడు. తమ్ముడు ఏడుస్తాడనుకున్నాను. వాడు రెండు చేతులూ పైకెత్తి, పళ్ళు బయటపెట్టి, "హ్హ హ్హ హ్హా" అంటూ ఆ పిల్లాడి వెంటపడ్డాడు. అందరూ నవ్వేశారు, గొడవ పోయింది. ఆ రోజు నుంచి వాడికి డ్రాకులా అంటే ప్రాణం. అట్ట ముక్కతో పళ్ళు కూడా చేసుకున్నాడు. కానీ ఆ రాత్రి పక్కన పడుకుని మెల్లగా అడిగాడు.

"అక్కా, నేను నిజంగనే పిశాచినా?"

"కాదురా, పండుకో" అన్నాను. కానీ ఎందుకు కాదో చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ 'ఎందుకు' కోసం.

జవాబు చెప్పాలంటే ముందు పిశాచాల సంగతి తెలియాలి కదా. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే మా బావ ఇంగ్లీషు నవలలు బాగా చదువుతాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు కూర్చోబెట్టి అన్నీ అడిగి రాసుకున్నాను.

అందరికీ తెలిసిన డ్రాకులా 1897లో పుట్టాడు. ఐర్లాండ్‌కు చెందిన బ్రామ్ స్టోకర్ రాసిన నవల అది. అందులో డ్రాకులా అందగాడేం కాదు. తెల్ల మీసాల ముసలాయన, అరచేతుల్లో వెంట్రుకలు, నోరు వాసన. రక్తం తాగినకొద్దీ వయసు తగ్గుతుంది. వెల్లుల్లి అంటే పడదు. ఆ ఇంటివాళ్ళు ఒకసారి లోపలికి రమ్మంటే తప్ప గడప దాటలేడు. ఈ గడప సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఎండ తగిలితే చచ్చిపోతాడని మనం అనుకుంటాం గానీ, నవలలో పగలు కూడా తిరుగుతాడు. ఎండకు మాయమైపోవడం 1922లో వచ్చిన 'నోస్ఫెరాటు' అనే జర్మన్ మూకీ సినిమాతో మొదలైంది.

ఆయన మా చంద్రపూర్ వస్తే ఎట్లా ఉంటుందో ఆలోచించాను. పాపం అనిపించింది. మే నెలలో ఇక్కడ 46, 47 డిగ్రీలు. మనుషులే మాడిపోతారు, ఇక ఎండ పడనివాడి సంగతి చెప్పాలా? పోనీ రాత్రి వద్దామంటే మరాఠీ వాళ్ళ ఇంట్లో ఠేచా, మా తెలుగోళ్ళ ఇంట్లో వెల్లుల్లి కారం. ఏ గడప దగ్గరికి పోయినా అదే వాసన. పారే నీళ్ళు కూడా తనంతట తాను దాటలేడట. ఎండాకాలంలో మన ఇరై నదిలో పారే నీళ్ళే తక్కువ కాబట్టి ఆ ఒక్క విషయంలో అదృష్టవంతుడు.

ఆ తర్వాత రచయితలు పిశాచాన్ని మార్చుకుంటూ పోయారు. 1976లో ఆన్ రైస్ నవల 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్' వచ్చింది. అందులో పిశాచమే కూర్చుని తన బాధంతా ఇంటర్వ్యూలో చెప్పుకుంటుంది. 2005లో స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' వచ్చింది. అందులో ఎడ్వర్డ్ అనే పిశాచం 1901లో పుట్టి, పదిహేడేళ్ళ వయసులో అట్లాగే ఆగిపోయి, ఇంకా స్కూలుకు పోతుంటాడు. ఎండలోకి వస్తే కాలిపోడు, ఒళ్ళంతా తళతళ మెరుస్తుంది. వాళ్ళ ఇంట్లోవాళ్ళు మనుషుల రక్తం తాగరు, అడవి జంతువుల రక్తం తాగుతారు. అందుకని తమాషాకు తమను తాము శాకాహారులం అని చెప్పుకుంటారు.

ఇది మా నానమ్మకు చెప్పాను. ఆమె తమలపాకు నములుతూ అంతా విని, "నూరేండ్లు దాటినోడు ఇంక బడికి పోతున్నడా? ఎన్నిసార్లు ఫెయిలైండే?" అని అడిగింది. తర్వాత, "జింక రక్తం తాగి శాకాహారి అంటడా? గట్లయితే మన తాడోబా పులి గూడ శాకాహారే" అంది. దీనికి మా బావ దగ్గర కూడా జవాబు లేదు.

నవ్వించే పిశాచాలు వేరే ఉన్నాయి. 2012 నాటి 'హోటల్ ట్రాన్సిల్వేనియా' కార్టూన్ సినిమాలో డ్రాకులా ఒక తండ్రి. హోటల్ నడుపుకుంటూ, కూతురు మనుషుల చేతిలో ఎక్కడ పాడైపోతుందో అని వణికిపోతుంటాడు. మా తమ్ముడు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. 2014లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక సినిమాలో నాలుగు పిశాచాలు ఒకే ఇంట్లో అద్దెకున్నట్టు ఉంటాయి. వాటి మధ్య పెద్ద గొడవ రక్తం గురించి కాదు. అయిదేళ్ళుగా గిన్నెలు కడగని పిశాచం గురించి. టెర్రీ ప్రాచెట్ 2003లో రాసిన ఒక నవలలో పిశాచం రక్తం మానేసి కాఫీకి అలవాటు పడుతుంది, కాఫీ దొరక్కపోతే పిచ్చెక్కిపోతుంది. ఇది విని మా అమ్మ ఏమీ అనలేదు. పొద్దున టీ ఆలస్యమైతే నాన్న ఎట్లుంటాడో ఆమెకు తెలుసు కదా, నాన్న వైపు చూసి ఊరుకుంది.

ఇదంతా విదేశాల్లో కొత్తగా వచ్చిన ఆలోచన అనుకోవద్దు. మనవాళ్ళు ఎప్పుడో చేసేశారు. మన బేతాళుడే అందుకు సాక్షి. 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన మన బేతాళ కథల్ని ఇంగ్లీషులో తిరగరాసినప్పుడు బేతాళుడికి 'వాంపైర్' అనే పేరు పెట్టాడు. కానీ 'చందమామ'లో మనం చదివిన బేతాళుడు ఎవరినీ కరవడు. రాజు భుజం మీద శవంలో వేలాడుతూ కథ చెప్తాడు, చివర్లో ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. పరీక్షలంటే భయపడే మాలాంటి వాళ్ళకు ఇది రక్తం తాగడం కన్నా భయంకరం. మా తాతయ్య బొగ్గు గనిలో పనిచేసే రోజుల్లో తెలుగు 'చందమామ' తెప్పించేవాడట. పక్కింటి మరాఠీ కాకా దాని మరాఠీ పత్రిక 'చాందోబా' చదివేవాడు. రాత్రి షిఫ్టుకు పోతూ ఇద్దరూ ఒకే బేతాళుడి ప్రశ్నకు చెరో జవాబు చెప్పుకుని వాదించుకునేవాళ్ళని నానమ్మ చెప్తుంది.

మన మహారాష్ట్రలోనే సింధుదుర్గ్ జిల్లా ఆరవలిలో ఈ వేతాళుడికి గుడి ఉంది. అక్కడ ఆయన వేతోబా, ఊరిని కాపాడే దేవుడు. భక్తులు ఆయనకు అరటిపండ్లు, ఇంతింత పెద్ద తోలు చెప్పులు తెచ్చి ఇస్తారు. రాత్రంతా ఊరి చుట్టూ కాపలా తిరిగితే చెప్పులు అరిగిపోతాయి కదా, అందుకని. అంటే శ్మశానంలో ఉండేవాణ్ణి తెచ్చి, అరటిపండు పెట్టి, వాచ్‌మన్ డ్యూటీ ఇచ్చారన్న మాట. ఇక 2025 దీపావళికి వచ్చిన హిందీ సినిమా 'థామా'లో మన రష్మిక మందన్న బేతాళ జాతి అమ్మాయి. చూస్తే భయం ఎక్కడేస్తుంది?

ఇవన్నీ రాసుకున్నాక నాకు ఒక విషయం అర్థమైంది. పాత కథల్లో పిశాచం పుట్టుకే తప్పు. దాని ఆకలే దాని పాపం. కొత్త కథలు ఈ రెండింటినీ విడదీశాయి. ఆకలి మనం ఎంచుకున్నది కాదు. ఆ ఆకలితో ఏం చేస్తామన్నదే మన చేతిలో ఉంది. ఇది మంచి మార్పు అని నాకనిపిస్తుంది. ఏ పిల్లవాడూ తలసేమియా కావాలని అడిగి పుట్టడు. తమ్ముడికి ఈ సగం జవాబు చెప్పాను. వాడు సంతోషించాడు.

మిగతా సగం వాడే నాకు నేర్పాడు.

ఒకరోజు బావ ఫోన్‌లో ఒక ఇంగ్లీషు సీరియల్ సీను చూపించాడు. అందులో కొన్ని పిశాచాలు మనుషుల్ని కరవడం మానేశాయి. దాని బదులు ఆసుపత్రిలో బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం సంచులు ఎత్తుకొచ్చి తాగుతుంటాయి. "చూశావా, ఎంత బుద్ధిమంతులయ్యారో" అని బావ నవ్వాడు. నేనూ నవ్వాను. తమ్ముడు నవ్వలేదు. ఫోన్ వైపే చూస్తూ అడిగాడు.

"అక్కా, గా బాటిల్ ఎవరిది?"

అది సంచే గానీ మేమందరం బాటిల్ అనే అంటాం. బావ నవ్వు ఆపేశాడు. తమ్ముడే మళ్ళీ, "గది ఎవరికోసమో పెట్టిండ్రు కదా. ఆ పిల్లగాడు వస్తే ఏం ఎక్కిస్తరు?" అన్నాడు.

వాడికి ఇది ఊహ కాదు. ఎండాకాలం కాలేజీలకు సెలవులు, రక్తదాన శిబిరాలు తక్కువ. ఒక మే నెలలో మాకు రెండు రోజులు దొరకలేదు. ఆ రెండు రోజులు వాడు మంచం దిగలేదు. నాన్న ఫోన్ చేయని మనిషి లేడు. కథ రాసినవాళ్ళకు ఆ సంచి ఎవరిదీ కాదు. మా ఇంట్లో అది ఒక పిల్లవాడి మూడు వారాలు.

అప్పుడు తట్టింది నాకు. మెడ మీద కరిస్తే, కరిపించుకున్న మనిషి ముఖం మనకు కనిపిస్తుంది, జాలి కలుగుతుంది. సంచిలోంచి తాగితే ఏ ముఖమూ కనిపించదు. నష్టపోయినవాడు కనిపించకపోతే తప్పు కూడా కనిపించదు. కొత్త కథలు పిశాచం బాధను మనకు బాగా చూపించాయి. కానీ చాలాసార్లు ఆ రక్తం ఎవరిదో అడగడం మర్చిపోయాయి. అందమైన వాడు తాగితే అది తాగడం కాదా?

అయితే అడిగి తీసుకుంటే సరిపోతుందా? డ్రాకులా కూడా రమ్మంటేనే కదా గడప దాటుతాడు! ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన మాటల్లో 'రక్తం తాగుతుండు' అని ఎవరిని అంటాం? అధిక వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి. వాడు దొంగతనంగా రాడు. మనం పిలిస్తేనే వస్తాడు, కాగితం మీద సంతకం పెట్టించుకునే ఇస్తాడు. అయినా మనం వాణ్ణి పిశాచం అంటున్నాం. ఎందుకు? ఇంట్లో పొయ్యి వెలగనివాడు తలుపు తీస్తే అది పిలుపు కాదు కాబట్టి.

రక్తం విషయంలో కూడా మన దేశంలో ఇదే జరిగింది. ఒకప్పుడు పేదవాళ్ళు డబ్బుకు రక్తం అమ్ముకునేవాళ్ళు. మళ్ళీ మళ్ళీ అమ్ముకునేవాళ్ళు. వాళ్ళు 'సరే' అనే ఇచ్చారు. కానీ ఆ 'సరే' ఆకలి అనిపించిన సరే. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1998 జనవరి 1 నుంచి మన దేశంలో రక్తం అమ్మడం, కొనడం ఆగిపోవాలని ఆదేశించింది. రక్తం ఇవ్వడం దానం మాత్రమే కావాలి. నేను చదివిన ఏ పిశాచం కథ కన్నా ఈ తీర్పు నాకు బాగా నచ్చింది.

అందుకే పిశాచం ఎవరో తెలుసుకోవడానికి నేను మూడు ప్రశ్నలు రాసుకున్నాను. ఒకటి, అడిగి తీసుకున్నాడా? రెండు, ఎదుటివాడు 'ఇవ్వను' అనగలడా? మూడు, ఇచ్చినవాడు బాగుండాలని చూశాడా?

ఇప్పుడు మా తమ్ముడి బాటిల్‌ను ఈ ప్రశ్నలతో చూడండి. రక్తం ఇచ్చేవాళ్ళ చేత ముందు ఫారం నింపించి సంతకం తీసుకుంటారు. చివరి నిమిషంలో వద్దనుకుంటే లేచి వెళ్ళిపోవచ్చు. వయసు 18 దాటాలి, 65 మించకూడదు. బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మామూలుగా తీసుకునేది 350 మిల్లీలీటర్లు. మళ్ళీ ఇవ్వాలంటే మగవాళ్ళు మూడు నెలలు, ఆడవాళ్ళు నాలుగు నెలలు ఆగాలి. అయిపోయాక కాసేపు పడుకోబెట్టి, బిస్కెట్లు, టీ ఇచ్చి పంపుతారు. ఏ పిశాచమైనా హిమోగ్లోబిన్ చూసి కరిచిందా? ఎడ్వర్డ్ ఎవరికైనా బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాడా? నాకు తెలిసి లేదు.

మా నాన్నకు ఇవ్వాలని చాలా ఉంటుంది. కానీ అమ్మా నాన్నా ఇద్దరూ తలసేమియా వాహకులు. అంటే వాళ్ళకు జబ్బు లేదు, కానీ పిల్లలకు వచ్చే అవకాశం వాళ్ళలో ఉంది. నాన్న హిమోగ్లోబిన్ ఎప్పుడూ 12.5 దాటదు. శిబిరానికి పోయి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. సొంత కొడుక్కు కాకపోయినా, ఎవరికో ఒకరికి ఇచ్చి లెక్క సరిచేద్దామంటే కుదరదు. అందుకే మా తమ్ముడు పూర్తిగా ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నాడు. నాన్నతో గనిలో పనిచేసే మరాఠీ కాకా ఇచ్చాడు. గ్యారేజీ చాచా ఇచ్చాడు. బెంగాలీ దాదా ఇచ్చాడు. ఎక్కువసార్లు మాకు తెలియనివాళ్ళే ఇచ్చారు. మాది తెలుగు మైనారిటీ బడి కదా. రక్తానికి మాత్రం ఏ భాషా లేదు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులు కనిపెట్టినప్పుడు ఏ, బీ, సీ అన్నాడు గానీ తెలుగు, మరాఠీ అనలేదు. తమ్ముడిది బీ పాజిటివ్.

ఒక్కటి ఆలోచించండి. మా తమ్ముడికి ఇది బాటిల్‌లో కనిపిస్తుంది, మనకు కనిపించదు, అంతే తేడా. మన ఊరి థర్మల్ స్టేషన్ 2920 మెగావాట్లది. ఆ కరెంటుతో ఎక్కడో ఎవరి ఇంట్లోనో ఫ్యాన్ తిరుగుతుంటే, దాని వెనక గనిలో దిగిన మనిషి ఉన్నాడని వాళ్ళకు గుర్తుంటుందా? మన పళ్ళెంలో అన్నం వెనక ఎవరున్నారో మనకు గుర్తుంటుందా? ఎవరో ఒకరిది తీసుకోకుండా బతికేవాడు లేడు. తీసుకోవడం పిశాచం లక్షణం కాదు. తీసుకుని, 'ఇది ఎవరిది?' అని అడగకపోవడమే పిశాచం లక్షణం. బేతాళుడు చెప్పింది కూడా ఇదే కదా, తెలిసి నోరు మూసుకుంటే తల పగులుతుందని.

తిరిగి ఇవ్వలేనివాడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. తమ్ముడు చేసేది మాత్రం చెప్తాను. సంచి మీద చీటీలో రక్తం తీసిన తారీఖు ఉంటుంది. వాడు దాన్ని చదివి ఇంటికొచ్చాక క్యాలెండర్‌లో చూస్తాడు. పోయిన నెల పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, గది ఆదివారం! సెలవు రోజు ఇంట్ల ఉండక వచ్చి ఇచ్చిండు" అన్నాడు. ఆ మనిషి పేరు తెలియదు, ముఖం తెలియదు. ఆ ఆదివారం మాత్రం వాడికి గుర్తుంది.

నాకిప్పుడు పదిహేనేళ్ళు. ఇంకా మూడేళ్ళు ఆగాలి. నేను కూడా వాహకురాలినేమో, పరీక్ష చేయించుకోవాలి. చదివే పెద్దలకు నా మనవి రెండే. మీకు వీలైతే మే నెలలో ఒకసారి రక్తం ఇవ్వండి, ఆ నెలలోనే కరువు ఎక్కువ. రెండోది, ఇంట్లో పెళ్ళి సంబంధం చూసేటప్పుడు జాతకాలతో పాటు ఒక్క రక్త పరీక్ష కూడా చూడండి. ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మన విదర్భలో సికిల్ సెల్ కూడా ఎక్కువ, అదీ ఇట్లాగే తల్లిదండ్రుల నుంచి వస్తుంది.

వ్యాసం పూర్తయ్యాక తమ్ముడికి చదివి వినిపించాను. "నువ్వు పిశాచివి కాదురా. ఎందుకంటే నువ్వు అడిగినవ్, బాటిల్ ఎవరిదని" అన్నాను. వాడు కాసేపు ఆలోచించాడు.

"అయితే నా పళ్ళు పారేయాల్నా?"

"వద్దు. క్రికెట్‌ల పనికొస్తయి" అన్నాను.